నెల్లూరు, ఒంగోలు వైపు సీనియర్ లివింగ్‌లలో భోజనం ఎలా ఉంటోంది? అమ్మానాన్నల కోసం అడుగుతున్నా

కావలి_బుల్లోడు | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కావలి. నేనూ చెల్లీ ఇద్దరం బెంగళూరులో ఉద్యోగాలు. నాన్నకు 78, అమ్మకు 73. నాన్నకు షుగర్, బీపీ. అమ్మకు మోకాళ్లు అరిగిపోయి పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. వంటమనిషిని పెడితే నెల తిరక్కుండా మానేస్తోంది. బెంగళూరు రమ్మంటే రారు. సీనియర్ లివింగ్ చూడమని ఇప్పుడు వాళ్లే అంటున్నారు, కాకపోతే మన వైపే ఉండాలట. రెండు చూశాం. ఒకటి నెల్లూరు ఊరి బయట, ఇంకోటి ఒంగోలు దాటాక. పేర్లు రాయను.

గదులు, లిఫ్టు, డాక్టరు, అంబులెన్సు గురించి బ్రోచర్‌లో పేజీలకు పేజీలు ఉన్నాయి. భోజనం గురించి మాత్రం "ఇంటి రుచి, సాత్వికాహారం" అని ఒక్క ముక్క. పక్కన ఎవరో పెద్దాయన నవ్వుతూ సలాడ్ తింటున్న ఫొటో. మా నాన్న పచ్చి ఉల్లిపాయ తప్ప ఇంకే సలాడూ ఎరగడు. అమ్మ ఒకటే అడిగింది, "వారానికి ఒక పూటైనా చేపల పులుసు పెడతారా" అని. మార్కెటింగ్ అబ్బాయి "కనుక్కుని చెప్తా మేడమ్" అన్నాడు. ఇంకా కనుక్కుంటూనే ఉన్నాడు.

అలాంటి చోట ఉంటున్నవాళ్లు, పెద్దవాళ్లను ఉంచినవాళ్లు చెప్పండి. తిండి విషయంలో ఏం చూడాలి, ఏం అడగాలి?

పెన్నా_ఇసుక | శనివారం రాత్రి 9:58

నెల్లూరులో చేపల పులుసు లేకుండా కమ్యూనిటీ కట్టారా! ప్లానుకు ఎవరు సంతకం పెట్టారో కనుక్కోండి ముందు.

లెక్కల_టీచరమ్మ | ఆదివారం ఉదయం 6:20

బాబూ, నేను అలాంటి చోటే ఉంటున్నాను, నెల్లూరుకు దగ్గర్లోనే. మా వారు పోయిన తర్వాత వచ్చాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

మాకు ఆరింటికి కాఫీ, ఎనిమిదికి టిఫిను, పన్నెండున్నరకు భోజనం, నాలుగింటికి టీ బిస్కెట్లు, ఏడింటికి రాత్రి భోజనం. మొదట్లో పండగలా ఉంటుంది. జీవితమంతా పొయ్యి ముందు నిలబడినదానికి ఎవరో వండి వడ్డిస్తే ఆ సుఖం వేరు. కొన్నాళ్లు పోయాక వరండాలో వాసన బట్టి ఇవాళ ఏ వారమో చెప్పేస్తాం. ఉప్మా అయితే మంగళవారం. క్యాబేజీ వేపుడు అయితే గురువారం.

వంట బాగాలేదని అనలేను. బాగుందనీ అనలేను. అందరికీ సరిపోవాలని ఉప్పు, కారం, పులుపు అన్నీ సగం చేస్తారు. చివరికి ఎవరికీ సరిపోదు. పచ్చడి గరిటె జారుగా ఉంటుంది. పదకొండున్నరకే దించిన అన్నం హాట్ కేసులో ఉండి ఒంటి గంటకు పైన ఎండిపోతుంది. మోకాళ్ల నొప్పులతో ఆలస్యంగా వచ్చేవాళ్లకు సాంబారులో ముక్కలు మిగలవు. మీ అమ్మకు కూడా మోకాళ్లే అన్నావు కాబట్టి లిఫ్టు నుంచి డైనింగు హాలుకు ఎంత దూరం నడవాలో చూడు. కుర్చీలకు చేతులు ఉన్నాయా అని చూడు. చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవడం మాకు ఎంత కష్టమో మీకు తెలీదు.

చూడటానికి వెళ్లినప్పుడు వాళ్లు నీకు వడ్డించే ప్లేటు చూసి మురిసిపోకు. ఆ రోజు స్వీటు కూడా ఉంటుంది. చేతులు కడిగే చోట పెట్టిన బకెట్‌లోకి తొంగి చూడు. ఏం పారేస్తున్నారో అక్కడ తెలిసిపోతుంది. మా దగ్గర రాత్రి చపాతీలు, బీన్స్ కూర.

ఇంకో విషయం బ్రోచర్‌లో ఎవరూ వేయరు. హాలులో ఎవరి కుర్చీ వాళ్లది. పేర్లు రాసి ఉండవు గానీ అందరికీ తెలుసు. కొత్తగా వచ్చిన మనిషి ప్లేటు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోతే ఆ పూట తిండి సహించదు. తర్వాత "గదికి పంపించండి" అనడం మొదలవుతుంది. గదిలో ఒక్కరే తినేవాళ్లు రెండు ముద్దలు తిని మూత పెట్టేస్తారు. నేను చూస్తూనే ఉన్నాను. కొత్తవాళ్లను తీసుకెళ్లి కూర్చోబెట్టే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడుగు.

చేపల సంగతి. మాది శాకాహార వంటశాల. ఉన్నవాళ్లలో సగానికి పైగా మాంసాహారం తినే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఆదివారం పిల్లలు క్యారియర్లు పట్టుకొస్తారు. బయటి ఆహారం తేవద్దని నోటీసు అంటించారు. అది అలాగే ఉంది, క్యారియర్లూ వస్తూనే ఉన్నాయి.

వంటశాల_ఒంగోలు | ఆదివారం ఉదయం 10:15

టీచరమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. గరిటె పట్టుకున్నవాడి గోడు కూడా కాస్త వినండి. నేను కేటరింగ్ చేస్తాను, ఇలాంటి ఒక చోట కొంతకాలం కిచెన్ కాంట్రాక్టు చేశాను.

కాంట్రాక్టు అంటే మనిషికి రోజుకు ఇంత అని ఏడాదికి ఒకే రేటు. మార్కెట్ రేటు ఏడాది పొడుగునా ఒకలా ఉండదు కదా. కందిపప్పు పండే జిల్లాలో ఉండి కూడా పప్పు ధర పెరిగితే మాకు ఏడుపే. అప్పుడు మొదట పలచబడేది పప్పు, తర్వాత మజ్జిగ. అందుకని పప్పు గరిటెకు నిలుస్తోందా అని చూడండి. సాధారణ రోజున చూడండి, పండగ రోజు కాదు.

చపాతీ గురించి. షుగర్ ఉన్నవాళ్లందరూ రాత్రి చపాతీ అంటారు. నాలుగింటికి పిండి కలిపి, అయిదున్నరకు కాల్చి, డబ్బాలో వేసి, ఏడింటికి వడ్డిస్తే కట్టుడు పళ్లవాళ్లు ఏం నములుతారు? వడ్డించే వేళకు పెనం మీద నుంచి నేరుగా పుల్కా వేసే మనిషిని పెట్టాలి. ఒక మనిషి జీతం అదనం. మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు. మీ ఒంగోలు చోట ఆ పెనం ఉందో లేదో చూడండి.

బియ్యం. మన వైపు సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఎక్కువ వాడతాం. నెల్లూరు మసూరి కూడా వాడతాం. కొత్త బియ్యం ముద్దయిపోతుంది, పాత బియ్యం పొడిపొడిగా వస్తుంది, ధర ఎక్కువ. పెద్దవాళ్లకు పొడిగా ఉంటే గొంతు దిగదు, ముద్దయితే చేయి పెట్టబుద్ధి కాదు. మధ్యరకంగా దించడం వంటవాడి చేతిలో పని. వంటవాళ్లు రెండు నెలలకోసారి మారిపోతుంటే అన్నం ఎప్పటికీ కుదరదు. వంటవాడు ఎన్నాళ్ల నుంచి ఉన్నాడో అడగండి. మెనూ కార్డు కంటే ఆ మాటే ఎక్కువ చెప్తుంది.

చేపలు ఎందుకు పెట్టరంటే ఆచారం ఒక్కటే కారణం కాదు. ముల్లు భయం. ఎవరికైనా గొంతులో గుచ్చుకుంటే రాత్రికి రాత్రి ఆసుపత్రి, పిల్లల ఫోన్లు. బొచ్చె, శీలావతి చవక గానీ కండలో సన్నముళ్లు. వంజరం, చందువ, కొరమీను అయితే ముళ్ల బాధ తక్కువ, ధర చూస్తే కాంట్రాక్టర్‌కి గుండె దడ. పైగా మన పులుసు మర్నాటికే రుచి. మామిడికాయ ముక్క పులుసంతా పీల్చుకుని ఉంటుంది. సంస్థ వంటశాలలో నిన్నటిది ఇవాళ వడ్డించకూడదు, వడ్డించనివ్వరు. ఆ నియమం మంచిదే.

మేం చివరికి ఏం చేశామంటే, వెనక షెడ్డులో వేరే పొయ్యి, వేరే గిన్నెలు పెట్టాం. ముందురోజు పేరు ఇచ్చినవాళ్లకే, అదనపు డబ్బుతో, వంజరం ముక్క. హాలులో వాళ్లకు వేరే వరుస. శాకాహారులు కూడా గొడవ చేయలేదు. చేయాలనుకుంటే కుదురుతుంది.

సంప్రదాయం_ముఖ్యం | ఆదివారం ఉదయం 11:02

కన్నవాళ్లకు రెండు పూటలా అన్నం పెట్టలేక మెస్సులో చేర్పించడానికి ఇంత చర్చా? మన సంస్కృతి ఎటు పోతోంది?

లెక్కల_టీచరమ్మ | ఆదివారం ఉదయం 11:30

నన్నెవరూ చేర్పించలేదు నాయనా. నా పెన్షన్‌తో నేనే చేరాను. కొడుకు ఇంట్లో కూడా ఉండి చూశాను. ప్రేమగానే చూసుకున్నారు. మధ్యాహ్నం మూడింటికి నాకు కాఫీ తాగాలనిపిస్తే కోడలి వంటగదిలోకి వెళ్లి పాలు ఎక్కడున్నాయని వెతుక్కోవాలి. ఇక్కడ నా గదిలో నా కెటిల్ ఉంది. ఈ మాట మీకు అర్థం కావడానికి ఇంకా వయసుంది.

పెన్నా_ఇసుక | ఆదివారం ఉదయం 11:34

టీచరమ్మగారూ, మార్కులు వేసి పంపారు.

నెల్లూరు_డైటీషియన్ | ఆదివారం మధ్యాహ్నం 3:10

వృత్తిరీత్యా నాలుగు మాటలు. మందులు మార్చే ముందు మీ డాక్టర్‌ని అడగండి, ఇది దానికి బదులు కాదు.

కావలి_బుల్లోడు గారూ, మీ నాన్నగారికి షుగర్ అన్నారు. ఏ మాత్ర వాడుతున్నారో చూడండి. గ్లిమెపిరైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ అయితే భోజనం వేళ చాలా ముఖ్యం. మాత్ర వేసుకున్నాక వడ్డన ముక్కాలు గంట ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు, తూలు వస్తాయి. "ఎన్నింటికి పెడతారు" అని అడిగి ఊరుకోవద్దు, "గ్యాస్ అయిపోయిన రోజు, కరెంటు లేని రోజు ఏం చేస్తారు" అని అడగండి. రాత్రి ఏడింటికి తిని పొద్దున ఎనిమిది వరకు ఏమీ లేకపోతే 13 గంటలు. పడుకునే ముందు గ్లాసు పాలో, చిన్న గిన్నెడు పెరుగన్నమో దొరకాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఆరింటికి కాఫీ వచ్చేస్తే ఇబ్బంది. పరగడుపున మాత్ర వేసుకుని కనీసం అరగంట ఆగాలి. గదికి కాఫీ తెచ్చే అమ్మాయికి ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉండాలి.

అన్నిటికంటే నన్ను బాధించేది ప్రోటీన్. పెద్ద వయసులో కిలో బరువుకు రోజుకు ఒక గ్రామైనా ఉండాలి, కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరు చెప్పినట్టు. 60 కిలోల మనిషికి 60 గ్రాములు. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం పలచని పప్పు, క్యాబేజీ, రాత్రి ఉప్మా, ఇందులో ఎంత వస్తుంది? గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 లేదా 7, వంద గ్రాముల చేపలో 18 నుంచి 20. మీ అమ్మగారి చేపల కోరిక నాలుక చాపల్యం అనుకోకండి, కండ కరగకుండా ఉండటానికి అది మంచి దారి. శాకాహార వంటశాల అయితే పెసరట్టు, సెనగలు, పనీరు, చిక్కటి పెరుగు వారంలో ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కపెట్టండి.

ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రెండూ చెప్తాయి. నిజమే, కానీ అందరికీ చప్పిడి కూడు పెట్టడం దానికి పరిష్కారం కాదు. వయసుతో రుచి, వాసన తగ్గుతాయి. చప్పగా ఉంటే తినడం మానేసి ఊరగాయతో రెండు ముద్దలు తిని లేస్తారు, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ. నిమ్మకాయ, అల్లం, కరివేపాకు, జీలకర్ర, నువ్వుల పొడి వాడి రుచి తేవచ్చు. పొదలకూరు నిమ్మ మార్కెట్ పక్కన పెట్టుకుని చప్పగా వండటం ఏమిటో! సోడియం తక్కువ ఉప్పు వాడుతున్నాం అని గొప్పగా చెప్తే మాత్రం జాగ్రత్త. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లకు ప్రమాదం.

రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లుంటే ఆకుకూర మానక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో ఉండాలి. ఒక వారం అసలు లేకుండా ఇంకో వారం వరసగా గోంగూర, తోటకూర, చుక్కకూర అంటే చిక్కు.

కందుకూరు_కబుర్లు | ఆదివారం సాయంత్రం 5:45

షుగర్ ఉన్నవాళ్ల కోసమని షుగర్ రైస్ అని ఒక బియ్యం అమ్ముతున్నారు కదా మేడమ్, అది పెడితే సరిపోదా? (2022లో మా కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపారు, అప్పుడు కూడా నాలుక మాత్రం ఒంగోలు దగ్గరే ఉండిపోయింది. అక్కడి మైసూరుపాకు మానలేం, అదీ బాధ.)

నెల్లూరు_డైటీషియన్ | ఆదివారం సాయంత్రం 6:05

బియ్యం పేరు మారిస్తే చాలదండీ, గిన్నె చిన్నదవ్వాలి. మైసూరుపాకు గురించి నేనేం చదవలేదు.

కనిగిరి_అమ్మాయి | ఆదివారం రాత్రి 8:20

మీరందరూ డబ్బు కట్టే చోట్ల గురించి మాట్లాడుతున్నారు. మా పెదనాన్న మా వైపే ఒక ధర్మ వృద్ధాశ్రమంలో ఉంటున్నాడు. అక్కడ మెనూ కార్డు లేదు. ఎవరి పుట్టినరోజో, ఎవరి వర్ధంతో అయితే ఆ దాత ఏం పెడితే అది. ఒకరోజు పులిహోర, జిలేబీ, వడ. మరుసటి రోజు రసం అన్నం. ఒకే రోజు ఇద్దరు దాతలు వస్తే రెండు పూటలా స్వీటు. సగం మందికి షుగర్. పెట్టేవాళ్లది మంచి మనసే, కాదనలేం. అన్నదానం చేద్దామనుకునేవాళ్లు ముందు ఆశ్రమానికి ఫోన్ చేసి "ఈ నెల గుడ్లు తక్కువైతే అవి ఇస్తాం, పాలు తక్కువైతే పాలు ఇస్తాం" అంటే ఎంత బాగుంటుందో. అక్కడివాళ్లు సజ్జ రొట్టె, రాగి సంగటి అడుగుతారు, చిన్నప్పటి నుంచి తిన్నవి. దాతలకు అవి చిన్నతనంగా అనిపిస్తాయి.

2007 వృద్ధుల సంక్షేమ చట్టం 19వ సెక్షన్ ప్రకారం జిల్లాకు కనీసం ఒకటి, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడా ఆశ్రమం రాష్ట్ర ప్రభుత్వం పెట్టవచ్చు. దిక్కులేనివాళ్లు కనిపిస్తే 14567 ఎల్డర్‌లైన్‌కి ఫోన్ చేయండి.

నీళ్ల సంగతి కూడా అడగండి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందని తెలుసు కదా. తాగడానికి ఫిల్టరు నీళ్లు పెట్టి వంట బోరు నీళ్లతో చేస్తే ఏం లాభం? మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

ఒంగోలు_టు_ఒహాయో | సోమవారం తెల్లవారుజామున 4:30

నేను ఇక్కడ నర్సింగ్ హోమ్‌లో నర్సుని. అక్కడి సీనియర్ లివింగ్‌తో ఇది ఒకటి కాదు, ఇక్కడ జబ్బుతో ఉన్నవాళ్లు ఎక్కువ. అయినా ఒక నియమం చెప్తాను. రాత్రి భోజనానికీ మర్నాడు టిఫినుకూ మధ్య 14 గంటలు మించకూడదని అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. మించాలంటే పడుకునే ముందు గట్టి చిరుతిండి ఇవ్వాలి. ఇక్కడ రాత్రి భోజనం సాయంత్రం అయిదింటికే. మొదటిసారి చూసి మా నాయనమ్మ అయితే వంటవాళ్లను తిట్టేది అనుకున్నా.

రెండు చిన్న విషయాలు. కంట్లో శుక్లాలు, మతిమరుపు ఉన్నవాళ్లకు తెల్ల ప్లేటులో పెరుగన్నం, ఇడ్లీ సరిగా ఆనవు. ముదురు రంగు ప్లేటు పెడితే ఎక్కువ తింటారు. స్టీలు కంచం కూడా దీపం కింద మెరిసి ఇబ్బంది పెడుతుంది. అరిటాకు వేస్తే భేషుగ్గా కనిపిస్తుంది. రెండోది, పక్షవాతం వచ్చినవాళ్లు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు నీళ్లు తాగుతూ దగ్గుతుంటే అది పొలమారడం అని వదిలేయకండి. మింగే కండరాలు బలహీనపడి ఉండవచ్చు. పలచని చారు ప్రమాదం, చిక్కటి జావ మేలు. వడ్డించేవాళ్లకు ఈ తేడా తెలుసా అని అడగండి.

దర్గామిట్ట_వాసి | సోమవారం ఉదయం 9:15

మా మామయ్య ఒక చోట ఉన్నారు. చేరేటప్పుడు రెండే అడిగాం, చికెన్ ఎక్కడి నుంచి తెస్తారు, రంజాన్‌లో సెహ్రీకి ఏం చేస్తారు. మొదటిదానికి హలాల్ దుకాణం నుంచే తెస్తాం అని కాగితం మీద రాసిచ్చారు. రెండోదానికి తెల్లవారుజామున వంటశాల తెరవలేమన్నారు. చివరికి రాత్రే హాట్ కేసులో రొట్టెలు, ఖీమా, ఫ్లాస్కులో పాలు పెట్టి వెళ్లేలా ఒప్పుకున్నారు. ఆయనకు షుగర్ లేదు కాబట్టి సరిపోయింది, ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే ఉపవాసం.

రొట్టెల పండుగకు అక్కడి పెద్దవాళ్లందరూ స్వర్ణాల చెరువుకు వెళ్తామంటే వంటశాలవాళ్లే రొట్టెలు చేసి ఇచ్చారు. అందరికీ ఆరోగ్య రొట్టే కావాలట. సంపద రొట్టె ఎవరూ అడగలేదు.

కావలి_బుల్లోడు | తర్వాతి ఆదివారం రాత్రి 8:50

ఇంతమంది రాశారు, చాలా థ్యాంక్స్. ఈ వారం సెలవు పెట్టి అమ్మానాన్నలతో రెండు చోట్లకీ మళ్లీ వెళ్లాం. చెప్పకుండా, మధ్యాహ్నం వేళ, డబ్బు కట్టి తిన్నాం.

నెల్లూరు చోట శాకాహారమే. హాలు పెద్దది, ఏసీ ఉంది, కానీ మాట గోడలకు తగిలి గోలగోలగా ఉంది. చెవి మిషన్ పెట్టుకున్న ఒకాయన దాన్ని తీసి జేబులో వేసుకుని తింటున్నాడు. బకెట్ చూశాను టీచరమ్మగారూ, అన్నమే ఎక్కువ. పప్పు గరిటెకు నిలవలేదు. వంటవాడు మారి పది రోజులైందట.

ఒంగోలు చోట హాలు చిన్నది, రేకుల షెడ్డుకు సున్నం వేసినట్టుంది, అమ్మకు చూడగానే నచ్చలేదు. పెనం మీద పుల్కా మాత్రం వేస్తున్నారు. గుడ్డు రోజు విడిచి రోజు, వారానికోసారి చికెన్. గోడ మీద ఆహార భద్రత లైసెన్సు 14 అంకెల నంబరుతో ఉంది. వంటావిడది చీమకుర్తి, మొదటి నుంచీ ఆవిడేనట. అమ్మ ఆవిడతో వంటగది గుమ్మం దగ్గర చాలాసేపు మాట్లాడింది. చింతపండు ఎంత నానబెడతావు, పోపులో మెంతులు ఎప్పుడు వేస్తావు, ఇవే మాటలు. నాన్న మజ్జిగ రెండోసారి అడిగితే విసుక్కోకుండా పోశారు. చేపలు లేవు. షెడ్డు పొయ్యి ఆలోచన మేనేజరుకు చెప్పాను, పదిమంది అడిగితే చూస్తానన్నాడు. అమ్మ అక్కడికక్కడే హాలులో తిరిగి పేర్లు అడగడం మొదలుపెట్టింది.

నాన్నకు నెల్లూరే నచ్చింది. డాక్టర్లు దగ్గర, పొగతోట ఆసుపత్రులన్నీ పక్కనే అంటాడు. ఆ మాటా నిజమే. ముందు ఒంగోలులో నెల రోజులు అద్దెకు ఉండి చూస్తామన్నారు ఇద్దరూ.

ఇంకో డౌటు. భోజనం డబ్బు మెయింటెనెన్స్‌లో కలిపి లేదు, వేరే బిల్లు. ఊరెళ్లిన రోజులకు తగ్గిస్తారా? జీఎస్టీ కూడా వేశారు.

వంటశాల_ఒంగోలు | తర్వాతి ఆదివారం రాత్రి 9:25

జీఎస్టీ మినహాయింపు అందరికీ రాదండీ. ప్రభుత్వమో, ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధర్మ సంస్థో నడిపే వృద్ధాశ్రమం అయి, 60 దాటినవాళ్ల దగ్గర వసతి, భోజనం, నిర్వహణ అన్నీ కలిపి నెలకు 25 వేల లోపు తీసుకుంటే వస్తుంది. బిల్డర్ కట్టిన కమ్యూనిటీకి రాదు. మీ అమ్మగారు పదిమందిని పోగేస్తే నాకు ఒక మెసేజ్ పెట్టండి. షెడ్డుకు ఏ పొయ్యి, ఎంత గిన్నె కావాలో మేనేజరుకు నేనే చెప్తా.

లెక్కల_టీచరమ్మ | సోమవారం ఉదయం 6:10

ఊరెళ్లిన రోజుల సంగతి. మా దగ్గర వరసగా వారం దాటితేనే, అదీ రెండు రోజుల ముందు రాసిస్తేనే తగ్గిస్తారు. మూడు రోజులు సంక్రాంతికి వెళ్లొస్తే పూర్తి డబ్బే. మీ ఒప్పందంలో ఇది ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది, చదువు. రేటు ఏడాదికి ఎంత పెంచవచ్చో కూడా అక్కడే ఉంటుంది. నువ్వు వచ్చినప్పుడు తినే అతిథి కూపన్ ధర అడిగి రాయించుకో. ఆసుపత్రిలో చేరిన రోజులకు కూడా తగ్గింపు ఉందేమో చూడు. చాలామంది అది మర్చిపోతారు. గదిలో ఇండక్షన్ స్టవ్ పెట్టుకోనిస్తారా లేదా అన్నది నోటిమాటగా వదలొద్దు. మేనేజరు మారితే ఆ మాట ఉండదు.